ఆయన నడిచిన బట్ట

మొన్నటి శుభ శుక్రవారం మా గుడిలో సిలువ మీది ఏడు మాటల ధ్యానం ముగిశాక యౌవనస్థులు ప్రభువు జీవితాన్ని గురించిన సినిమా ఒకటి వేశారు. వేదిక వెనకాల గోడకు ఇప్పుడొక తెర శాశ్వతంగా ఉంది. మామూలు ఆదివారాల్లో కీర్తనల మాటలు దాని మీదనే కనిపిస్తాయి కాబట్టి పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది నాలాంటి ముసలివాళ్లం నలుగురమే. ఆనాడు బొమ్మ తెరకంటె పెద్దదయింది. ప్రభువు నిలుచున్నప్పుడల్లా ఆయన మోకాళ్ల వరకు తెర మీద ఉండి, పాదాలు మాత్రం తెర అంచు దాటి, గోడ వారగా పెట్టిన ప్లాస్టిక్ పూలకుండీల మీద పడి చెదిరిపోతున్నాయి. చుట్టూ చూశాను. ఎవరికీ పట్టినట్టు లేదు. నేను మాత్రం ముందుకు వంగి ఆ కుండీల వంకే చూస్తున్నాను. దప్పికవుతున్నదనుకుని మా కోడలు నీళ్లసీసా అందించింది, తీసుకుని ఊరకే చేతిలో పెట్టుకున్నాను.

పాదాలు లేని ప్రభువును నేను అంతకుముందు ఒక్కసారే చూశాను. అది రాయికోడ్‌లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో.

సినిమాల పాత ముచ్చట్లు పత్రికల్లో వచ్చినప్పుడు నేను వదలకుండా చదువుతాను. ఫలానా టాకీ ఎలా తీశారు, ఫలానా నటుడికి వేషం ఎలా దొరికింది, పాట పాడినావిడ ఎక్కడ నిలబడి పాడింది అని ఎంత ఓపికగా రాస్తారో. కాని మా జహీరాబాద్ వైపు పల్లెల్లో తొలిసారి బొమ్మ కదలడం చూసినవాళ్లలో చాలామంది ఏ టాకీసులోనూ చూడలేదు, జొన్న కోసేసిన చేలల్లో, రెండు వెదురు గుంజల మధ్య కట్టిన తెల్లబట్ట మీద, మా సంఘంవాళ్లు వేసిన మూగబొమ్మనే చూశారన్న సంగతి ఎవరూ రాయగా నేను చూడలేదు. ఆ బట్ట వెనకాల కూర్చుని పాడిన ఆడవాళ్ల సంగతి సరేసరి. నా ఈడువారిలో ఎవరికైనా ఆ రోజులు గుర్తుంటే, వాళ్లు చూసింది బట్టకు ముందువైపు. నేను చూసింది వెనకవైపు.

మా నాయన సంఘంలో ఉపదేశి. ఆదివారం జహీరాబాద్‌లో ఉన్నా మిగతా దినాలన్నీ మొగుడంపల్లి, చిరాగ్‌పల్లి, రాయికోడ్ అంటూ ఎద్దుల బండిలోనో నడిచో తిరుగుతూనే ఉండేవాడు. మా అమ్మకు ఒక చెల్లెలుండేది. పెళ్లయిన రెండో ఏటనే భర్త పోతే, బీదరు వైపు ఉన్న అత్తగారింటినుంచి ఒక రేకుపెట్టెతో మా ఇంటికి వచ్చి, ఇక మళ్లీ పోలేదు. ఆ చిన్నమ్మకు చదువు అంతంత మాత్రమే, పిల్లల్లేరు, ఆస్తి లేదు. ఉన్నదల్లా గొంతు, ఆ గొంతును పెట్టుకోవడానికి ప్రభువు మందిరం. నెలకొకసారి రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్ల కోసం ఆమె ముందునాటినుంచే ఎదురుచూసేది. తెల్లచీర ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టి తలగడ కింద పెట్టుకునేది. రొట్టె ముక్క అందుకునేటప్పుడు ఆమె రెండు చేతులు దోసిలి పట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

మేము ఊళ్లలో వేసింది, మా సంఘపు బడి, దవాఖాన నడిపే తెల్ల దొరసాని ఎక్కడినుంచో తెప్పించిన ప్రభువు కథ మూగబొమ్మ. మాటలుండవు, మధ్యమధ్య అక్షరాలు పడేవి, అవీ మాకు రాని అక్షరాలు. చేత్తో తిప్పే మిషను, దానికి కార్బైడు గ్యాసు దీపం. మిషను తిప్పడానికి హైదరాబాదునుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, ఊళ్లలో అందరూ ఆయనను బొమ్మల సాయబు అనేవారు. ప్రతి ఆటకు ముందు బిస్మిల్లా అనుకుని గాని ఆయన మిషను మీద చెయ్యి వేసేవాడు కాదు. సిలువ ఘట్టమున్న ఫిల్ము చుట్ట తిరుగుతున్నంతసేపు తల వంచుకుని మిషను వంకే చూసేవాడు తప్ప తెర వంక చూసేవాడు కాదు. మా నమ్మకం వేరు, మీ నమ్మకం వేరు, కాని ఆ పెద్దమనిషికి దెబ్బలు పడుతుంటే చూడడం నావల్ల కాదమ్మా అని ఒకసారి మా అమ్మతో చెప్పాడట. నాయన తెర పక్కన నిలబడి ఒక్కో బొమ్మకు కథ చెప్పేవాడు. ఆ గొంతు చేను అవతలి గట్టుదాకా వినబడేది.

బొమ్మకు పాట తోడుంటేగాని ఊరివాళ్లు కదలకుండా కూర్చోరని మొదటి ఏడే తేలిపోయింది. ఆడవాళ్లు నలుగురిలో నిలబడి పాడడం పెద్దలకు ఇష్టం లేకపోయింది, అందుకని మమ్మల్ని బట్ట వెనకాల కూర్చోబెట్టారు. నేను అప్పుడే సంఘపు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పడానికి కుదిరాను, సాయంకాలాలు చిన్నమ్మతోపాటు తెర వెనక్కి పోయేదాన్ని. మాకు బొమ్మ అంతా తిరగబడి కనిపించేది. ప్రభువు ఎడమ చేత్తో ఆశీర్వదించేవాడు, పేతురు ఎడమ చేత్తో వల లాగేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. చిన్నమ్మ మాత్రం, ముందు కూర్చున్నవాళ్లకు ఆయన ఎదురుగా వస్తున్నాడు, మనం ఆయన వెంట ఉన్నవాళ్లం, వెంట ఉన్నవాళ్లకు ఇట్లాగే కనబడుతుంది అనేది. అది నిజం కాదని నాకు తెలుసు, అయినా ఆ మాట విన్న తర్వాత నవ్వు రాలేదు.

పుస్తకంలోని కీర్తనలు ఆమె బడిపిల్లలా పాడేది. బొమ్మ తన మనసును పట్టుకున్న చోట మాత్రం పుస్తకం వదిలిపెట్టి, విసుర్రాయి దగ్గర పాడుకునే వరసలో, అప్పటికప్పుడు మాటలు కట్టుకుని పాడేది. పాపాత్మురాలైన స్త్రీ ప్రభువు పాదాలను కన్నీళ్లతో కడిగి తలవెంట్రుకలతో తుడిచే బొమ్మ వచ్చిందంటే, మేము పాట ఆపి ఆమెకు వదిలేసేవాళ్లం. అక్కడ సాయబు మిషను కాస్త మెల్లగా తిప్పేవాడు. పాట అయ్యేదాకా బొమ్మ ఆగాలి గదా అనేవాడు.

ఆ తెర గురించి చెప్పాలి. అది ఒకే బట్ట కాదు. అంత వెడల్పు పన్నా ఉన్న బట్ట దొరకదు కాబట్టి మిల్లుబట్ట పట్టెలు అడ్డంగా ఒకదాని కింద ఒకటి కుట్టి చేసింది. ప్రభువు నిలబడితే ఒక కుట్టు ఆయన నొసట, ఒకటి రొమ్ము మీద, ఒకటి మోకాళ్ల దగ్గర పడేది. జనం ఆ గీతలకు అలవాటుపడిపోయారు. తెరను ఉతికి, నీలి పెట్టి, వేపాకు వేసి రేకుపెట్టెలో దాచే పని చిన్నమ్మది. దాన్ని ఆమె నేల మీద పరచనిచ్చేది కాదు, మేము మడత పెట్టేటప్పుడు చెరో కొస పట్టుకుని గాలిలోనే మడవాలి.

మొగుడంపల్లిలో ఒక ముసలవ్వ ఉండేది. ఆ ఊళ్లో అందరికంటె ముందు బాప్తిస్మం పొందినామె, ఊరందరి కాన్పులూ చేసిన మనిషి. బొమ్మ వేసినప్పుడల్లా ఆమె మాతో వెనకాలనే కూర్చుని, గాలికి తెర ఎగరకుండా కింది వెదురును రెండు చేతులా పట్టుకునేది. ప్రభువు పాదాలు సరిగ్గా ఆమె చేతుల మీదుగా నడిచిపోయేవి. రాయికోడ్ సంగతి జరిగిన ఏడు, చలి ముదిరినాక, అవ్వ మంచాన పడిందని కబురొస్తే చిన్నమ్మ, నేను నడిచిపోయాం. నాయన అప్పుడు రాయికోడ్ వైపు పల్లెల్లో ఉన్నాడు.

యుద్ధం మూలంగా అవి బట్ట దొరకని రోజులు. రేషను బట్ట ఇచ్చే కంట్రోలు దుకాణం ముందు తెల్లవారకముందే మనుషులు వరస కట్టేవారు, కట్టినా అందరికీ అందేది కాదు. మా వైపు పల్లెల్లో పేదవాళ్లు పోతే గోనెసంచి కప్పి తీసుకుపోయిన సంగతి నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది. అవ్వ ఒంటిమీది చీర అతుకుల మీద అతుకులు. ఆమె చిన్నమ్మ చెయ్యి పట్టుకుని అడిగిన మాట నేను మంచం పక్కన నిలబడి విన్నాను.

"బిడ్డా, సంచి కప్పనియ్యకు. ఆయన నడ్శిన బట్ట జర నా మీద కప్పు. ఇంకేం అడుగ."

కప్తా అవ్వా, ఫికర్ చెయ్యకు అన్నది చిన్నమ్మ. ఇంటికి వచ్చిన మర్నాడే అవ్వ పోయిందన్న కబురొచ్చింది. చిన్నమ్మ రేకుపెట్టె తెరిచి, తెర తీసి, అడుగు పట్టె కుట్టును సూదిమొనతో ఓపికగా విప్పింది. కత్తెర తాకనియ్యలేదు. మిగిలిన తెరకు మళ్లీ అంచు మడిచి, వెదురు దూర్చే గొట్టం కుట్టి, ఎప్పటిలా మడిచి పెట్టింది. మా అమ్మ పొయ్యి దగ్గరినుంచి అంతా చూస్తూనే, బావతో ఒక మాట చెప్పి చేస్తే బాగుండును అన్నది. వచ్చినాక చెప్తలే అక్కా, మట్టి అప్పటిదాక ఆగదు గద అన్నది చిన్నమ్మ. అవ్వను ఆ తెల్లటి పట్టెలో చుట్టి మట్టిచేశారు. నేను ఆ సమాధి దగ్గర ఉన్నాను. గోనెసంచి కింద పోవలసిన మనిషి రాణిలా పోయిందని ఊరంతా చెప్పుకుంది.

నాయన తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చీ రావడంతోనే రాయికోడ్ సంతకు బొమ్మ వేయాలని బండ్లు కట్టించాడు. ఆ సందట్లో చిన్నమ్మ చెప్పలేదు. మరిచిపోయిందో, మోకాళ్ల కింద కాస్త బట్ట తగ్గితే ఏమవుతుందిలే అనుకుందో, అడగాలంటే భయపడిందో నేను ఇప్పుడు చెప్పలేను. తెర వెనక కూర్చునేవాళ్లం గనుక తెర ముందు ఏం కనబడుతుందన్నది మాకెవరికీ తట్టలేదు. ఆ మాట మాత్రం నిజం.

రాయికోడ్‌లో ఆనాడు సంత జనమంతా చేరారు. మిషను ఎప్పటిలా జనం మధ్యలో బండి మీద ఉంది, దాని చుట్టూ మనుషులు కాలు మోపే సందులేకుండా కూర్చున్నారు. పుట్టుక, బాల్యం, జనసమూహాలు అన్నీ బాగానే సాగాయి. తరువాత ప్రభువు సముద్రం మీద నడిచే బొమ్మ వచ్చింది. నాయన గొంతు పెంచి, చూడండి, ఆయన పాదాలకు తడి అంటలేదు, అలలు ఆయన కాలికింద చాపలా పరుచుకున్నాయి అని చెబుతున్నాడు. తెర మీద పాదాలు లేవు. మోకాళ్లదాకా నీళ్లలో దిగి వాగు దాటుతున్న మనిషి ఉన్నాడు.

జనంలోంచి ఒక ముసలి రైతు గొంతు లేచింది. "నడుస్తుండని పంతులు అంటడు. నాకైతె గా మనిషి మోకాళ్ల లోతున దిగిండు." ఇంకొకడు అందుకున్నాడు. "మంజీర దాటెటప్పుడు నేనూ గట్లనే నడుస్త. నాకూ ఓ బొమ్మ తియ్యమను." చేనంతా ఒక్కసారిగా నవ్వింది.

నాయన కథ చెప్పడం ఆపాడు. ఆయన ఏ సంతలోనూ, ఏ వాదంలోనూ మాట తడబడగా నేను చూడలేదు. ఆనాడు తడబడ్డాడు. సాయబుకు సంగతి అర్థమైంది గాని మనుషుల మధ్యనుంచి మిషను కదిలించే దారిలేదు. బొమ్మ సాగిపోయింది. ఆ తరువాత పాపాత్మురాలైన స్త్రీ వచ్చి, మోకరించి, తల వంచి, ఏమీ లేని చోట కన్నీళ్లు కార్చింది. ఖాళీని వెంట్రుకలతో తుడిచింది. చిన్నమ్మ వెనకాలనుంచి ఎప్పటిలాగే, కళ్లు మూసుకుని, తన ప్రాణమంతా పెట్టి పాడుతున్నది. ముందు ఎందుకు నవ్వారో ఆమెకు అప్పటికి తెలియదు.

బొమ్మ అయిపోయినాక నాయన తెరను కిందినుంచి తడిమి చూశాడు. అంచు మడత కొత్తది. అంతలో మొగుడంపల్లినుంచి సంతకు వచ్చిన ఒకామె, చంకలో జ్వరంబిడ్డను వేసుకుని ముందుకొచ్చి, ఏ కల్మషమూ లేకుండా చెప్పింది. "గా పట్టె మా అవ్వ మీద కప్పిన్రు గద పంతులూ. జర నా బిడ్డకు గూడ ఓ పోగు తీసియ్యిన్రి, చేతికి కట్టుకుంట." ఆ మాటతో అయిపోయింది.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన పుట్టిన ఇల్లు తాయెత్తుల ఇల్లు. ఆయన తమ్ముడికి చిన్నప్పుడు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోకుండా చేతికి దారం, మెడకు దారం కట్టి కూర్చున్నారట, ఆ దారాలతోనే ఆ పిల్లవాడు పోయాడట. పెద్దయ్యాక వాక్యం విని సంఘంలో చేరినప్పుడు ఆయన వదిలిపెట్టింది దేవుళ్లను కాదు, ఆ దారాలను. ప్రభువును నమ్మినవాడికి పోగూ వద్దు, ముడీ వద్దు అని ఊరూరా చెప్పి తిరిగిన మనిషి ముందుకు, తన ఇంట్లోనుంచే పోయిన బట్ట దారమై తిరిగి వచ్చింది. నవ్వుపాలైన అవమానాన్నయితే ఆయన మింగేవాడే. దీన్ని మింగలేకపోయాడు.

సంఘ కూటం కూడింది. సంఘ పాదిరి అయ్యగారు నెమ్మదైన మనిషి, కాని ఆ ఏడే కొత్తగా వచ్చాడు, పెద్దల మాట తోసివేసే చనువు ఆయనకు ఇంకా లేదు. పెద్దలు రెండు మాటలు కోరారు. ఆరాధనలో అందరి ముందు నిలబడి, సంఘపు బట్టను అడగకుండా తీశాను, అది తప్పు అని ఒకటి. బట్టలో మహిమ ఉన్నదని నమ్మే అజ్ఞానానికి తోడుపడ్డాను, అది పాపం అని రెండోది. రెండూ చెబితే ఆ నెలలోనే ప్రభువు బల్లకు రావచ్చు, తెర వెనక పాడవచ్చు. చెప్పనంతకాలం రెండూ లేవు.

ఇంట్లో ఆ వారమంతా మా అమ్మ చెల్లెలికి అన్నం వడ్డిస్తూ బతిమాలింది. మాటలే గదా, చెప్పెయ్యి, ప్రభువుకు నీ మనసు తెలుసు అన్నది. చిన్నమ్మ వినేది, తినేది, చెయ్యి కడుక్కునేది.

ఆదివారంనాడు ఆమె గంజిపెట్టిన తెల్లచీరలోనే వచ్చి నిలబడింది. అడగకుండా తీసిన మాట తడుముకోకుండా ఒప్పుకుంది. అడిగితే కాదంటవని భయపడ్డ బావా, అది నా తప్పే అని నాయన వంక చూసి చెప్పింది. రెండో మాట దగ్గర ఆగింది. పెద్దలలో ఒకాయన, చెప్పమ్మా, గట్టిగా చెప్పు అన్నాడు.

"నా మీద ఎంతైన అంటా. అవ్వ మీద అన. అవ్వ బట్టను మొక్కలే. చచ్చెటప్పుడు ఆయన దగ్గరున్నట్టు ఉంటదని అడిగింది, గంతే. గది పాపమైతే, ఆయన చెంగు పట్టుకుని రోగం బాగైన ఆడమనిషిది గూడ పాపమే అనాలె."

నాయన లేచి, వాక్యాన్ని నీ ఇష్టమొచ్చినట్టు తిప్పకు అన్నాడు. చిన్నమ్మ తలవంచి, పోయి తలుపు దగ్గరి ఆఖరి వరసలో కూర్చుంది. బల్ల సిద్ధమైనప్పుడు ఎవరూ చెప్పకముందే లేచి బయటికి పోయింది.

ఆ మర్నాడు సాయబు హైదరాబాదు రైలెక్కబోతూ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, అసలు సంగతి చివరికి తీశాడు. "పంతులు సాబ్, మిషిన్ జర ముందుకు జరిపితె బొమ్మ చిన్నగైతది, కాళ్లు వస్తయ్. నేను జరుపుత. గింత దానికి మనిషిని ఎన్కకు జరుపకున్రి." నాయన, ఇది కాళ్ల సంగతి కాదు సాయబూ అన్నాడు. తెల్సు సాబ్ అని సాయబు లేచాడు.

అన్నట్టే తరువాతి ఆటలో ఆయన మిషను ముందుకు జరిపాడు. ప్రభువు కొంచెం చిన్నవాడయ్యాడు, పాదాలు మాత్రం పూర్తిగా వచ్చాయి, సముద్రం మీద బాగానే నడిచాడు. ఎవరూ నవ్వలేదు. తెర వెనక నేనూ, మిగతా ఇద్దరూ పుస్తకంలోని కీర్తనలు పాడాం. పాదాలు కడిగే బొమ్మ వచ్చినప్పుడు మాకు ఏం పాడాలో తోచలేదు. సాయబు అలవాటుకొద్దీ మిషను మెల్లగా తిప్పాడు. పాట లేని ఆ బొమ్మ ఎంతకీ అయిపోలేదు.

నేను ఇప్పటికీ బట్టలో మహిమ ఉన్నదని నమ్మను. పోగు కట్టుకుంటే జ్వరం తగ్గుతుందని నమ్మిన తల్లికి, తగ్గదమ్మా, దవాఖానకు పో అని చెప్పవలసిందే. ఆ విషయంలో మా నాయన బోధ సత్యమేనని నా వృద్ధాప్యంలో కూడా చెప్పగలను. కాని చనిపోయేవారి కోరికకూ బతికేవారి భయానికీ తేడా ఉన్నది. ఆ తేడా చూడవలసినవాళ్లం చూడలేదు. తప్పిపోయిన ఒక్క గొర్రె కథను ఎన్ని ఊళ్లలో చెప్పాం, ఎన్నిసార్లు తెర మీద చూపించాం. మా మందలో తలుపు దగ్గర కూర్చున్నదాని దగ్గరికి ఎవరూ లేచి పోలేదు.

చిన్నమ్మ దవాఖానలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ప్రతి ఆదివారం గుడికి వచ్చేది, బల్ల వేళకు లేచిపోయేది, బయట గోడ నీడలో నిలబడి మేము పాడే పాట అయ్యేదాకా ఉండేది. ఇంట్లో పనిచేసుకుంటూ కూడా ఇక పాడలేదు. నాయనతో మాట మానలేదు, బావా అన్నం పెట్టనా అనే అడిగేది, ఆయన పెట్టమనేవాడు. అయ్యగారు ఒకటి రెండుసార్లు చిన్నమ్మకు మనసు మార్చుకొమ్మని చెప్పించాడు. ఆయన మనసు మార్చుకొమ్మనవలసింది ఎవరినో నాకు ఇప్పుడు తెలుసు.

యుద్ధం అయిపోయింది. జహీరాబాద్‌లో డేరా టాకీసు వచ్చింది, మాటలూ పాటలూ ఉన్న బొమ్మ చూసినవాళ్లకు మా మూగబొమ్మ రుచించలేదు. రాజ్యం మారే రోజుల గడబిడలో బండ్లు కట్టడమే ఆగిపోయింది. అంతా సద్దుమణిగాక దొరసాని మాటలు మాట్లాడే కొత్త మిషను తెప్పించింది, దాంతోపాటు చుట్టగా చుట్టి గొట్టంలో పెట్టుకునే తెర కూడా వచ్చింది. పాట పెట్టెలోనుంచే వస్తుంది గనుక వెనకాల ఎవరూ కూర్చోనక్కరలేదు. సాయబును ఇక పిలవలేదు. ఆయన ఏమయ్యాడో మేము ఎవరినీ అడగలేదు.

ఆ ఏడు వానకాలంలోనే చిన్నమ్మకు జ్వరం వచ్చింది. ఎన్నో దుప్పట్లు ఉతికిన ఆ దవాఖానలోనే ఆమెను చేర్చాం. అయ్యగారు రొట్టె, రసం పట్టుకుని వస్తానని కబురు పంపేసరికి ఆమెకు స్పృహ లేదు. తెల్లవారకముందే పోయింది.

మా అమ్మ ఏడుస్తూ ఆమె గంజిచీర తీసి కట్టింది. నాయన అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, ఒక్కసారి లేచి గుడివైపు నడిచాడు. నేను వెంట పోయాను. గుడి వెనక గదిలో, కూటం తరువాత మా ఇంటినుంచి అక్కడికి చేర్చిన తెర రేకుపెట్టె ఉంది. తెరిస్తే వేపాకు పొడి, నాలుగు కొవ్వొత్తులు. తెర ఏమయిందని కావలి ముసలాయనను అడిగితే, పాతది పనికిరాదని దొరసానే విప్పించిందయ్యా, రెండు పట్టెలు బంగళా కిటికీలకు తెరలైనయి, ఒకటి చాయ్ బల్ల మీదికి పోయింది అని ఎంతో మామూలుగా చెప్పాడు. ఎవరినైనా అడిగి తీశారా అని నాయన అడగలేదు. అడగవలసింది నాయననే, ఆయనను ఎవరూ అడగలేదు. కొత్త తెర వచ్చినాక పాత తెర కుట్లు విప్పడం ఎవరికీ తప్పుగా తోచలేదు, ఏ కూటమూ కూడలేదు.

ఆయన గదంతా వెతికాడు. చివరికి హార్మోనియం మీద కప్పిన, ఆ తెరదే ఒక చిన్న ముక్క కనబడింది, ఒక మూల దీపపు నూనె మరక. అది తీసుకుని, మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. బజారునుంచి తెచ్చిన కొత్తబట్ట అప్పటికే ఆమె మీద కప్పి ఉంది. ఈ ముక్క దేనికీ చాలదు. ఆయన కాసేపు పట్టుకుని నిలబడి, వంగి, ఆమె పాదాల మీద కప్పాడు. సంఘ పెద్దలు అక్కడే ఉన్నారు. మా అమ్మ వచ్చి మరక ఉన్న వైపు లోపలికి మడిచింది.

నాయన ఆ తరువాత ఎన్నో ఏండ్లు బోధించాడు గాని, సముద్రం మీద నడిచిన కథ ఎత్తుకోగా నేను వినలేదు. చిన్నమ్మ పాటల్లో ఒక్కటీ ఎవరూ రాసిపెట్టలేదు. వరస కొంచెం గుర్తుంది, మాటలు పోయాయి. ఇప్పటి పిల్లలు ఎంత చక్కగా పాడతారో, ఆడపిల్లలు వేదిక మీదనే మైకు పట్టుకుని పాడతారు, నాకు సంతోషమే. అవ్వలాంటివాళ్లను గోనెసంచి కింద పంపవలసిన రోజులూ పోయాయి. మేలైనవి చాలా వచ్చాయి. వాటిని చూడవలసిన మనిషి తలుపు దగ్గరినుంచే లేచిపోయింది.

మొన్న శుక్రవారం నేను కుర్చీలోనుంచి సగం లేచినట్టున్నాను. మిషను దగ్గరి కుర్రవాడు చూసి, మెల్లగా వచ్చి వంగి, ఏం కావాలె అమ్మమ్మా అని అడిగాడు. పాదాలు పడ్తలేవు బిడ్డా అన్నాను. అయ్యో అంతేనా అని పోయి ఏదో మీట నొక్కాడు. బొమ్మ కొంచెం చిన్నదై పైకి జరిగింది, పూలకుండీల మీదినుంచి ప్రభువు పాదాలు తెర మీదికి వచ్చాయి. అప్పుడు ఆ స్త్రీ మోకరించే ఘట్టం నడుస్తున్నది. సంగీతం పెద్దగా, నిండుగా వస్తున్నది. అయినా నేను ఒక్క క్షణం తెర వెనకాలికి చెవి ఒగ్గాను. అక్కడ గోడ ఉంది.